విన్న పాటలు: ఇనుప పాటలు, చీకటి పాటలు

ఈ పుటలో నేనింతవరకు ఇంటిల్లిపాదియు కూర్చుండి వినదగిన పాటలను గూర్చియే వ్రాయుచు వచ్చితిని. ఈ మాసమున అట్లుగాక, ఇంటిలో ఒక్కరే తలుపు మూసికొని, చెవులకు యంత్రము తగిలించుకొని వినెడి పాటలను గూర్చి వ్రాయుచున్నాను. కడపనుండి ఒక సోదరి వ్రాసిన జాబు ఇందులకు కారణము. ఆమె కుమారుడు ఇంజనీరింగు చదువుచున్నాడట. సెలవులకు వచ్చినపుడెల్ల పుఱ్ఱె బొమ్మలుగల నల్లచొక్కా తొడిగి, రాత్రి ప్రొద్దుపోవువరకు హెవీ మెటల్ అను పాటలను వినుచుండునట. “అవి పాటలో, పిశాచముల యరపులో తెలియకున్నది. వలదన్నచో బిడ్డ దూరమగునేమో, ఊరకున్నచో చెడిపోవునేమో. ఏమి చేయవలెను?” అని ఆమె అడిగినది.

కర్నూలులో మా యింటను మా తమ్ముని కూతురు ఈ పాటలనే వినుచుండును. కావున ఆ పిల్లనే గురువుగా నెంచి, జాబితా వ్రాయించుకొని, రెండు నెలలపాటు రాత్రి వంటయిల్లు సర్దిన పిదప ఒక్కొక్క ఆల్బమును మొదటినుండి తుదివరకు వింటిని. ఆల్బమనగా ఒక బృందమువారు వరుసగా కూర్చి వెలువరించిన పాటల సంపుటి. నచ్చినవి, నచ్చనివి, ఇంటి పెద్దలు తెలిసికొనవలసినవి ఈ క్రింద వ్రాయుచున్నాను.

మొదట ఆ రొద యెట్టిదో చెప్పవలెను. హెవీ మెటల్ అనగా బరువైన లోహము అని అర్థము. విద్యుత్ గిటారులు, బేస్ గిటారు, డ్రమ్ములు ఇందు ముఖ్యములు. తీగ నాదమును పెద్దది చేయు యంత్రమునకు దాని శక్తికి మించిన పని కల్పించినచో నాదము పగిలి గరగరలాడును. మొదట దోషమనబడిన ఆ గరగరనే వీరు గుణముగా గ్రహించిరి. వినుటకు వింతగా తోచును గాని మనకిది పూర్తిగా క్రొత్తకాదు. తంబుర తీగ క్రింద నూలుపోగు నుంచి నాదము జుమ్మని మ్రోగునట్లు చేయుట మనమెరిగినదే. నిర్మలమైన నాదముకంటె కొంచెము ఒరసికొనిన నాదము నిండుగా వినబడునను రహస్యము రెండింటికిని ఒక్కటే. మనవారు చిటికెడు వాడిరి, వారు దోసిలినిండ పోసిరి.

ఈ సంగీతమునకు తొలి ఆల్బమని చాలమంది చెప్పునది 1970 ఫిబ్రవరి 13వ తేదీన వెలువడిన “బ్లాక్ సాబత్”. దానిని పాడిన బృందముపేరును అదియే. ఆ నలుగురును ఇంగ్లాండులో ఇనుప పనులకు పేరుపొందిన బర్మింగ్‌హామ్ నగరపు కార్మిక కుటుంబములవారు. వారిలో గిటారు వాయించు టోనీ అయోమీ పదునేడేండ్ల ప్రాయమున రేకుల కర్మాగారములో పనిచేయుచుండెను. ఆ పనికి అదే కడపటి దినమనుకొనిన నాడు యంత్రములో పడి కుడిచేతి రెండు వ్రేళ్ళ కొసలు తెగిపోయెను. ఎడమచేతివాటము వాడగుటచే తీగలు నొక్కవలసినది ఆ కుడిచేతి వ్రేళ్ళతోనే. ఇక వాయింపజాలవని వైద్యులు చెప్పగా, అతడు ప్లాస్టిక్ సీసాను కరగించి వ్రేళ్ళకు తొడుగులు చేసికొని, వానికి తోలు అంటించి, తిరిగి వాయింపసాగెను. నొప్పి తగ్గుటకై సన్నని తీగలు కట్టెను. 1971లో వచ్చిన మూడవ ఆల్బము “మాస్టర్ ఆఫ్ రియాలిటీ”లో తీగలను మరింత సడలించి శ్రుతి దించెను. అందువలన నాదము లోతుగా, బరువుగా మారెను. నేటికిని ఈ పాటలలో వినబడు ఆ బరువునకు ఒక కూలిబిడ్డ గాయము ఒక కారణమని తెలిసిన పిదప, దానిని పిశాచముల రొద యనుటకు నాకు నోరాడలేదు. మన బేతంచెర్లలో నాపరాళ్ళు కోయు యంత్రముల నడుమ దినమంతయు నిలిచి పనిచేయువారికి ఈ ధ్వని నాకంటె త్వరగా అర్థమగునని తోచినది.

ఆ ఆల్బములోని తొలిపాట వర్షధ్వనితోను గంటల మ్రోతతోను ప్రారంభమగును. పిదప గిటారుపై మూడే స్వరములు: షడ్జము, తారషడ్జము, ప్రతిమధ్యమము. షడ్జమునకు ప్రతిమధ్యమమునకు గల ఈ దూరమును పాశ్చాత్యులు “సంగీతమందలి పిశాచము” అని పూర్వము పేర్కొనిరి. సోదరీమణులారా, మన కల్యాణి రాగమునకు ప్రాణమైన స్వరమే అది! పెండ్లిపందిట నాగస్వరముపై వినబడి మనకు మంగళముగా తోచునదే, అచ్చట వర్షపు రాత్రి ఒంటరిగా నిలిపి వాయించునప్పటికి భయమును పుట్టించుచున్నది. మన శుభపంతువరాళిలో అదే ప్రతిమధ్యమము శోకమును పలికించును. స్వరములో పాపమును లేదు, పుణ్యమును లేదు. దాని చుట్టు నేయు వరుసలోనే అంతయు నున్నది. ఇక ఆ పాట అర్థము విచారించితినా, అది పిశాచస్తుతి కాదు. నల్లని ఆకృతిని గాంచి భయపడి దైవమును సాయమునకు పిలుచు మనుజుని మొఱ. ఈ పాట నాకు మిక్కిలి నచ్చినది. ఆల్బము చివరి భాగములో మాత్రము గిటారు గమ్యమెరుగక తిరుగుచున్నట్లు తోచి విసుగు పుట్టినది. ఆ పాట పాడిన ఓజీ ఆస్‌బార్న్ 2025 జులై 5న స్వస్థలమగు బర్మింగ్‌హామ్‌లోనే తుది కచ్చేరి చేసి, అదే నెల 22న కన్నుమూసెను.

రెండవది “మాస్టర్ ఆఫ్ పపెట్స్”. అమెరికాకు చెందిన మెటాలికా బృందమువారిది, 1986 నాటిది. ఇందెనిమిది పాటలు గలవు. వేగము గుఱ్ఱపుదౌడు వలె నుండును. మొదటి దినమున నాకు తలనొప్పి వచ్చినమాట నిజము. నాల్గవ దినమునకు ఆ వేగములోని లెక్క తెలియసాగెను. తాళము ఎంత త్వరగా మారినను నలుగురిలో నొక్కరును జారరు. పేరుపాట అర్థము తెలిసినపుడు ఆశ్చర్యమైనది. మాదకద్రవ్యమే యజమానియై, దానిని వాడువానిని తోలుబొమ్మవలె ఆడించుచు మాటలాడునట్లు ఆ పాటను కట్టిరి. బిడ్డ చెడిపోవునని మనము దేనికి భయపడుదుమో, దానినే ఆ పాట భయంకరముగా చూపి హెచ్చరించుచున్నది. ఇంకొక పాట యుద్ధమునకు బలియగు పడుచు సైనికుని గూర్చినది. ఈ ఆల్బమును అమెరికా జాతీయ గ్రంథాలయమువారు భద్రపరుపదగిన ధ్వనిముద్రణముల పట్టికలో చేర్చిరి. హెవీ మెటల్ పాటలలో ఆ గౌరవమును ముందుగా పొందినది ఇదియే. మెటాలికావారు 2011 అక్టోబరు 30న బెంగుళూరులో పాడిరి. అంతకుముందు 2007 మార్చిలో ఇంగ్లాండునుండి ఐరన్ మెయిడెన్ బృందమువారు అచ్చటనే పాడియుండిరి. మన సీమకు బెంగుళూరు ఎంత దూరము? రాత్రి బస్సెక్కిన తెల్లవారునప్పటికి చేరుదుము. కావున ఈ పాటలు ఎచ్చటివో, మనకేల యని యనుకొనుటకు వీలులేదు.

ఇచ్చట ఇద్దరు ముగ్గురు తల్లుల కథ చెప్పవలసియున్నది. 1985లో అమెరికా రాజధానిలో రాజకీయ ప్రముఖుల భార్యలు కొందరు, టిప్పర్ గోర్ మొదలగువారు, పిల్లలు వినుచున్న పాటలలోని మాటలకు దిగులుపడి ఒక సంఘము పెట్టిరి. ఆ సెప్టెంబరు 19న వారి సెనేటు సభలో విచారణ జరిగెను. తగని మాటలుగల ఆల్బములపై తల్లిదండ్రులకు హెచ్చరికగా ముద్ర వేయు పద్ధతి అటుపిమ్మట స్థిరపడెను. ఆ తల్లుల దిగులు అర్థములేనిది కాదు. కొన్ని పాటలలో స్త్రీలను గూర్చిన మాటలు వినజాలనివి, నేనును వినక విడిచితిని. కాని ఆ విచారణకు ట్విస్టెడ్ సిస్టర్ బృందపు గాయకుడు డీ స్నైడర్ వచ్చి, హింసాత్మకమని వారు నిందించిన తన పాటయొకటి నిజమునకు గొంతునకు శస్త్రచికిత్స జరుగనున్న స్నేహితుని భయమును గూర్చి వ్రాసినదని తెలిపెను. వేషము చూచి అర్థము నిర్ణయించిన ఇట్టి చిక్కులే కలుగును.

ఇంతకన్న బాధాకరమైనది మరియొకటి. 1985లోనే నెవాడా రాష్ట్రమున ఇద్దరు యువకులు ప్రాణములు తీసికొనబూనిరి. ఒకడప్పుడే మరణించెను, రెండవవాడు 1988లో మరణించెను. జూడాస్ ప్రీస్ట్ బృందమువారి 1978 నాటి ఆల్బములో చెవికి తెలియకుండ మనసును లాగు మాటలు దాచబడియున్నవని ఆ కుటుంబములవారు వ్యాజ్యము వేసిరి. 1990లో రీనో నగరపు న్యాయస్థానము బృందమువారిపై నేరము లేదని తీర్పుచెప్పెను. విచారణలో బయటపడిన వేమనగా, ఆ పిల్లల జీవితములలోని మద్యము, మాదకద్రవ్యములు, ఇంటిలోని హింస. పాటను బోనులో నిలుపుట సులభము. ఇంటిలోనికి చూచికొనుటయే కష్టము.

ఇక చీకటి పాటలు. ఇవి అరపులు కావు, నెమ్మదిగా నుండును గాని హెవీ మెటల్‌కంటె ఎక్కువ దిగులును కలిగించును. మాంచెస్టరు నగరపు జాయ్ డివిజన్ బృందమువారి “అన్‌నోన్ ప్లెషర్స్” 1979లోను, “క్లోజర్” 1980లోను వెలువడినవి. బేస్ గిటారు దీనముగా పాడుచుండ, డ్రమ్ములు శూన్యమైన గదిలో గడియారమువలె కొట్టుచుండును. గాయకుడు ఇయాన్ కర్టిస్ మూర్ఛరోగముతోను మనోవ్యథతోను బాధపడుచు, రెండవ ఆల్బము వెలువడకముందే, 1980 మే 18న తన ప్రాణము తానే తీసికొనెను. వయస్సు ఇరువదిమూడు. భార్యయు పసికూనయు మిగిలిరి. ఆ భార్య డెబొరా కర్టిస్ 1995లో తమ సంసారమును గూర్చి వ్రాసిన పుస్తకమును మన స్త్రీలు చదువదగును. గొప్ప కళాకారుని ఇల్లాలి బ్రదుకు ఎట్లుండునో అందు దాపరికము లేక చెప్పబడినది. అతనితో వాయించినవారే, ఆ మాటలు కవిత్వమనుకొంటిమి గాని అతడు తన్ను గూర్చియే చెప్పికొనుచున్నాడని గ్రహింపలేకపోతిమని పిమ్మట వాపోయిరి. ఈ ఆల్బములు గొప్పవి. కాని మనసు బాగుండని దినమున వినదగినవి కావని నా అభిప్రాయము.

అమెరికావారగు ఆలిస్ ఇన్ చెయిన్స్ బృందము 1992లో వెలువరించిన “డర్ట్” ఇంతకంటె కఠినము. హెరాయిను వ్యసనమున చిక్కినవాడు గోతిలోనుండి పిలుచుచున్నట్లుండును. ఇద్దరు గాయకుల గొంతులు కలిసినపుడు పుట్టు వింతనాదము విడువరానిది. ఆ గాయకులలో నొకడగు లేన్ స్టేలీ ఆ వ్యసనమునకే 2002లో బలియయ్యెను. దానిని విన్న రాత్రి నాకు నిదురపట్టలేదు. ది క్యూర్ బృందమువారి “డిసింటిగ్రేషన్” (1989) అట్టిది కాదు. అది శోకమైనను వానకారు మేఘమువలె మెత్తనిది. పాట మొదలైన చాలసేపటికిగాని గొంతు వినబడదు, మన ఆలాపనవలె వాద్యములే ముందు త్రోవ పరచును. ఈ చీకటి పాటలలో ఒక్కదానినే వినగోరు సోదరికి నేను దీనిని చెప్పుదును.

మన దేశమువారిని మరువరాదు. ఢిల్లీకి చెందిన బ్లడీవుడ్ బృందమువారి “రక్షక్” (2022)లో ఢోలు మ్రోతయు హిందీ పంజాబీ మాటలును ఇనుప గిటారులతో కలిసినవి. అందొక పాట స్త్రీలపై జరుగు అత్యాచారములపై కోపముతో కట్టినది, మరియొకటి నిస్పృహలో మునిగినవానికి ధైర్యము చెప్పునది. మా యింట ముసలివారును తల యూచినది దీనికే. తెలుగునాట హైదరాబాదునుండి వచ్చిన గాడ్‌లెస్ బృందమువారి “స్టేట్స్ ఆఫ్ కేయాస్” (2021) డెత్ మెటల్ అను మిక్కిలి కఠినమైన తెగకు చెందినది. గొంతులోని నాదతంత్రులపైనుండు మడతలను కదలించి గుఱ్ఱుమను ఆ పాడుట అభ్యాసముచేతనే అలవడునట. నాకది రుచింపలేదు. కాని వీరభద్రుని ఉత్సవములలో ఖడ్గములు చదువువారి శరభకేకలు విన్న చెవికి అది పూర్తిగా అన్యముగాను తోచలేదు.

స్త్రీలకిందు చోటు లేదనుకొనవలదు. ఇండోనేషియాలో పడమటి జావాకు చెందిన గారుట్ ప్రాంతపు బాలికలు ముగ్గురు 2014లో బడిలో నుండగనే వాయిస్ ఆఫ్ బాచెప్రోట్ అను బృందము కట్టిరి. తలపై ముసుగు తీయకయే గిటారు, బేస్, డ్రమ్ములు వాయించి పాడుదురు. ఆడుపిల్లల కిది తగదని పలువురు నిందించినను మానలేదు. వారి ఆల్బము “రేతాస్” 2023లో వెలువడెను. 2024లో ఇంగ్లాండులోని గ్లాస్టన్‌బరీ ఉత్సవమున పాడిరి. మా పిల్ల ఈ ఆల్బమును వినిపించునపుడు దాని ముఖమున కనబడిన వెలుగు నాకు పాటకంటె ముచ్చటగా నుండెను.

ఇక ప్రశ్నకు వత్తము. శోకగీతము వినుటచే శోకము కలుగునా? మన సీమలో పీర్లపండుగనాడు కర్బలా కథను తెలుగున పాడి, మతభేదము లేక కన్నీరు పెట్టికొనువారు కలరు. చావింట స్త్రీలు శోకములు పెట్టి ఏడ్చునపుడు పోయినవారి గుణములన్నియు ఒక వరుసలో పాటవలె వచ్చును. తప్పెట మ్రోత గుండెలదరునట్లుండును. కరవును పేదరికమును పాడిన విద్వాన్ విశ్వంగారి “పెన్నేటి పాట” చీకటి కాదా? వీనివలన మనము చెడలేదు. దుఃఖము నలుగురిలో బయటికి వచ్చుటచే గుండె తేలికయైనది. భేద మొక్కటే. మన శోకములకు చుట్టు పదిమంది కూర్చుందురు, ఏడ్చినపిదప నీళ్ళిచ్చి లేవదీయుదురు. తలుపు మూసికొని వినువానికి లేవదీయువారు లేరు. అపాయమున్నచో అది పాటలో కాదు, ఆ తలుపులో నున్నది.

కావున నా సలహాలివి. వలదని వారింపవద్దు. వారించిన తలుపు మరింత బిగియును. “నీకు మిక్కిలి నచ్చినదొకటి వినిపించుము, అర్థము చెప్పుము” అని యడుగుడు. అడిగి, తుదివరకు వినుడు. నచ్చనిచో నచ్చలేదనుడు గాని, నవ్వవద్దు. పుఱ్ఱె చొక్కాను చూచి దిగులుపడవద్దు. నిద్ర, ఆహారము, స్నేహితులు, చదువు, ఇవి మారినవా యని చూడుడు. బిడ్డ ముందు ఇష్టపడిన వానినెల్ల విడిచి, బ్రదుకు వ్యర్థమనుచున్నచో పాటను గూర్చి వాదింపక, నెమ్మదిగా దగ్గర కూర్చుండి సూటిగా అడుగుడు, వైద్యునియొద్దకు తీసికొనిపొండు. భారత ప్రభుత్వమువారి టెలిమానస్ సేవకు 14416 అను సంఖ్యకు రాత్రింబవళ్ళు ఖర్చులేకుండ ఫోను చేయవచ్చును, తెలుగున మాటలాడవచ్చును.

చెవులను గూర్చి నిజముగా భయపడుడు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి లెక్కను బట్టి 80 డెసిబెల్సు ధ్వనిని పెద్దలు వారమునకు 40 గంటలు వినవచ్చును. 90కి పెరిగినచో 4 గంటలే. పిల్లలకు 75 మించరాదు. లోపలిచెవిలో ధ్వనిని గ్రహించు సన్నని కణములు చచ్చినచో తిరిగి మొలకెత్తవు. పాటలోని మాటకంటె దాని బిగ్గరయే పిల్లలకు చేయు కీడు నిశ్చయమైనది. ఈ ఒక్క విషయమున మాత్రము గట్టిగా కోపపడవచ్చును.

వచ్చు మాసమున మన సీమ కోలాటపు పాటలను గూర్చి వ్రాయుదును. ఈలోగా మీ యింటిలోని మూసిన తలుపును ఒక్కమారు మెల్లగా తట్టి చూడుడు. ఏ పాట వినబడినదో నాకు వ్రాయుడు.